ఇంటి నుంచి రాతపని: విత్తనాలు తీసి పెట్టాకే మిల్లుకి

పాలకొల్లు నుంచి మీరు పంపిన ప్రశ్న రెండుసార్లు చదివాను. టీచరు ఉద్యోగం మానేసి మూడేళ్లుగా ఇంటి నుంచే అనువాదాలు, వెబ్‌సైట్లకు వ్యాసాలు, యూట్యూబ్ ఛానళ్లకు స్క్రిప్టులు రాస్తున్నానన్నారు. ఇద్దరు చిన్నపిల్లలు, అత్తమామలు ఇంట్లోనే ఉన్నారు. పొద్దున్న కాఫీ నుంచి రాత్రి పదకొండు దాకా ఫోను చేతిలోనే ఉన్నా పని తెమలడం లేదు. ఇంట్లోవాళ్లు "ఇంట్లోనే ఉంటావుగా" అంటున్నారు. ఒక క్లయింటు రాత్రి పదింటికి ఫోన్ చేసి మార్పులు చెబుతున్నాడు. వీణకి గవిసెన (గుడ్డ తొడుగు) తీసి ఏడాదిన్నర అయింది, కథ రాసి అంతకంటే ఎక్కువైంది. మళ్లీ ఉద్యోగానికి వెళ్లిపోనా అని అడిగారు.

నేను రాజోలు దగ్గర పల్లెటూళ్లో ఉంటాను. 2007 నుంచి ఇదే పని. మా ఆయన కొబ్బరి, వరి చూసుకుంటారు. పిల్లల చదువులకి పొలం ఎంత పెట్టిందో నా రాత కూడా ఇంచుమించు అంతే పెట్టింది. మీరు ఇప్పుడున్న చోట నేను ఆరేళ్లు ఉన్నాను, అందుకే కాస్త పొడుగ్గా చెబుతున్నాను.

ఉద్యోగానికి వెళ్లాలనుంటే వెళ్లండి, అందులో తప్పేమీ లేదు. అలసిపోయి మాత్రం వెళ్లకండి. అలసటలో తీసుకున్న నిర్ణయాన్ని ఆరు నెలలకే మళ్లీ తిరగదోడుకుంటాం. మీ ఉత్తరం చూస్తే ఇబ్బంది రాతపనిలో ఉన్నట్టు లేదు, దానికి గట్టు లేకపోవడంలో ఉంది. గట్టు లేని మడిలో నీళ్లు నిలవవు కదా, పక్క చేలోకి పోతాయి. మీ పని వంటింట్లోకీ, పిల్లల హోంవర్కులోకీ, నిద్రలోకీ అలాగే పోతోంది.

మా మామగారు ఉన్నప్పుడు నూర్పులవగానే, ఒక్క బస్తా కూడా మిల్లుకి కదలకముందే, వచ్చే సార్వాకి కావలసిన విత్తనాలు తీసి వేరే పెట్టించేవారు. ఆ ఏడు ధర ఎంత బాగున్నా, బాకీలవాళ్లు ఎంత ఒత్తిడి పెట్టినా ఆ బస్తాల జోలికి వెళ్లేవారు కాదు. అన్నీ అమ్మేశాక మిగిలినవి విత్తనాలకి ఉంచుదామనుకునే రైతు ఎక్కడైనా ఉంటాడా? మనం మాత్రం వీణకీ కథకీ పిల్లలతో ఆటకీ పనంతా అయ్యాక మిగిలిన టైము ఇస్తాం. ఈ పనిలో టైము మిగలడమంటూ ఉండదమ్మా. ముందే తీసి పక్కన పెట్టాలి. ఎంత తీయొచ్చో తెలియాలంటే మీ దగ్గర మొత్తం ఎంతుందో లెక్క కావాలి, కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

2013లో ఒక నెల రోజులు లాంగ్ నోట్‌బుక్కు పక్కన పెట్టుకుని పని చేశాను. ఎడమవైపు కూర్చున్న టైము, కుడివైపు లేచిన టైము, కింద ఎన్ని పదాలయ్యాయి, ఎందుకు లేచాను. "పాలవాడు." "అత్తయ్యగారి మందులు." "క్లయింటు ఫోను, 25 నిమిషాలు, విషయం లేదు." ఇలా ప్రతిదీ రాశాను. నెలాఖరున కూడితే మామూలు మేటరు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి గంటకి 300 పదాలు వచ్చింది. మందులు, కోర్టు కాగితాల లాంటివైతే 180. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి బయటపడింది. రోజులో నేను బాగా రాయగలిగేది నాలుగు గంటలే. అయిదో గంటలో రాసినదాన్ని మర్నాడు పొద్దున్న దిద్దడానికి ఇంకో గంట పట్టేది. అంటే రోజుకి నా శక్తి 1,200 పదాలు. నేను ఒప్పుకుంటున్నది 2,500. ఆ నోట్‌బుక్కు ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను. అన్నాళ్లూ నాకు చేతకావడం లేదనే అనుకున్నాను. కుంచంలో పట్టేది ఎంతో కొలుచుకోకుండా బస్తా పోయించుకున్నానని అప్పుడు తెలిసింది.

మీ అంకెలు నావి కాకపోవచ్చు. తెలుగులో నేరుగా రాసే స్క్రిప్టు కొందరికి గంటకి 600 పదాలు నడుస్తుంది. అయితే ఒక నెల కొలవండి. పదాలు రాసే టైముతో పాటు రాయని పని కూడా రాసుకోండి. మెయిళ్లకి జవాబులు, నిఘంటువు వెతుకులాట, బిల్లులు పంపడం, డబ్బు గుర్తుచేయడం అన్నీ. నాకు ఇవన్నీ కలిపి రోజుకి గంటన్నర తేలాయి. అను ఫాంట్లకీ యూనికోడ్‌కీ మధ్య మార్పిడి మీకు తెలిసే ఉంటుంది. ప్రెస్సువాళ్లు అనులో అడుగుతారు, వెబ్‌సైట్లవాళ్లు యూనికోడ్‌లో అడుగుతారు. మారిస్తే ఎక్కడో ఒక వత్తు ఎగిరిపోతుంది, ఎక్కడో గుడి దీర్ఘం అయిపోతుంది, మళ్లీ మొదటి అక్షరం నుంచి చదువుకు రావాలి. ఆ చదువుకి ఎవరూ విడిగా డబ్బివ్వరు, మీరు రేటులో కలిపి అడిగితే తప్ప. మార్పులూ అంతే. రెండుసార్ల వరకు నా రేటులోనే, మూడోసారి నుంచి విడిగా అని మొదటి మెయిల్లోనే రాసేస్తాను. అలా రాసిన రోజు నుంచి మూడోసారి అడిగినవాళ్లు చాలా తక్కువ.

లెక్క తేలాక ఒప్పుకునే పని ఆ లెక్కలో ముప్పావుకి మించకూడదు. మిగిలిన పావు జ్వరాలకీ కరెంటు పోవడానికీ చుట్టాలకీ పోతుంది. అలా ఖర్చవని నెలలో ఆ పావు మీకు విశ్రాంతి.

"ఇంట్లోనే ఉంటావుగా" అన్న మాట దగ్గరికి వస్తాను, మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నది అదేనని నాకనిపించింది. నన్నూ బాధపెట్టింది. మా అత్తయ్యగారికి మొదట్లో నేను గదిలో తలుపు వేసుకుని కంప్యూటరుతో ఏం చేస్తున్నానో అర్థమయ్యేది కాదు. ఎవరైనా వస్తే "లోపలే ఉంది, పిలుస్తానుండండి" అనేవారు. వాదించి లాభం లేకపోయింది. ఒకసారి నేను మాటలు రాసిన ఆరోగ్య కార్యక్రమం టీవీలో వస్తుంటే ఆవిడ పక్కన కూర్చుని, యాంకరమ్మ నోరు తెరవక ముందే తర్వాతి వాక్యం చెప్పేశాను. రెండు మూడు వాక్యాలు అలా చెప్పేసరికి నా వైపు తిరిగి "ఇవి నువ్వు రాసినవా?" అన్నారు. మర్నాటి నుంచి తొమ్మిదిన్నరకి వాకిట్లో ఎవరు కనబడినా "కోడలు రాసుకుంటోంది, పన్నెండున్నరకి రండి" అనడం ఆవిడే మొదలుపెట్టారు. అప్పుడే నా బల్ల కూడా గదిలోంచి వసారా కిటికీ దగ్గరికి మార్చాను. పని కంటికి కనబడితే ఇంట్లోవాళ్లు దాన్ని పనిగా చూస్తారు. ఫోను పట్టుకుని మంచం మీద రాసేది ఎంత కష్టమైనా వాళ్లకి కాలక్షేపంలాగే కనిపిస్తుంది. వీలైనంత వరకు ఫోనులో రాయకండి.

ఇది చెప్పగానే అంతా సర్దుకుందని అనుకోకండి. వంట, పిల్లల క్యారేజీలు, బట్టలు అలాగే ఉన్నాయి. మా ఆయనతో కూర్చుని కాగితం మీద పంచుకున్నాం. పొద్దున్న పిల్లల్ని తయారుచేసి బస్సెక్కించడం ఆయనది, సాయంత్రం వంట నాది. ఒక నెల గొడవలయ్యాయి. ఇడ్లీపిండి ఎక్కడుందో, యూనిఫాం ఏ రోజు తెల్లదో అన్నీ నన్నే అడిగేవారు. అడిగినప్పుడల్లా లేచి వెళ్లి నేనే చేసేస్తే పంచుకున్నది ఉత్తదే అవుతుంది. లేవలేదు. రెండో నెలకి అడగడం మానేశారు. మీ ఇంట్లో మీ ఆయనతో ఈ మాట మీరే ఎత్తాలి, అత్తగారి చేత చెప్పించకండి.

కొన్ని రోజులు అసలు రాయకూడదు. మా ఇంట్లో అది దింపు రోజు. యాభై, అరవై రోజులకోసారి కొబ్బరి దింపు ఉంటుంది. తెల్లవారగానే దింపువాళ్లు వస్తారు, వాళ్లకి టీలు, టిఫిన్లు, కాయ లెక్క, షావుకారు బేరం. 2010లో అలాంటి రోజే ఒక మందు కరపత్రం అనువాదానికి ఒప్పుకుని, అరుగు మీద లాప్‌టాప్ పెట్టుకుని, మధ్యమధ్యలో కాయలు లెక్కపెడుతూ రాశాను. రోజుకి రెండుసార్లు వేసుకోవాలి అని ఉన్నదాన్ని రెండు రోజులకోసారి అని కొట్టాను. అవతలి ఎడిటరు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆ మందు బీపీది. ఇప్పటికీ ఆ వాక్యం తలచుకుంటే కడుపులో దేవినట్టవుతుంది. ఆ మర్నాడే క్యాలెండరులో దింపు రోజులు, పిల్లల పరీక్షల రోజులు, మామగారి ఆబ్దికం, ఊరి జాతర అన్నిటికీ ఎర్ర గీతలు గీశాను. ఆ రోజుల్ని లెక్కలోంచి తీసేశాకే ఎవరికైనా గడువు చెబుతాను. మీకు కొబ్బరి లేకపోవచ్చు, పిల్లలకి పరీక్షలుంటాయి, అత్తమామలకి ఆస్పత్రి చెకప్పులుంటాయి. వాటిని ఊహించని అడ్డంకులు అనకండి. ఏటా వచ్చేవే అవి.

పండగల సంగతి నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. మా పుట్టిల్లు అంబాజీపేట వైపు. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు ప్రభలు, ఏకాదశ రుద్రులు, చేరతాయి. ప్రభ అంటే వెదురుతో ఎత్తుగా కట్టి, అలంకరించి దేవుణ్ణి నిలిపేది. 2014 కనుమకి పుట్టింటికి వెళ్లాను. క్లయింటు "అర్జెంటు, మధ్యాహ్నం రెండుకల్లా కావాలి" అన్న మేటరు ఒకటి చంకలో పెట్టుకునే వెళ్లాను. మా ఊరి ప్రభ లేచింది. "అశ్శరభ శరభ" అంటూ కుర్రాళ్లు భుజాలకెత్తుకుని పోతుంటే, మేళాలు కిటికీ పక్క నుంచే వెళ్తుంటే, మా నాన్న వీధరుగు మీద నిలబడి "రా అమ్మా, వెళ్లిపోతోంది" అని రెండుసార్లు పిలిచారు. "ఒక్క పేరా నాన్నా" అన్నాను. పేరా అయ్యేసరికి ప్రభ చేలల్లోకి దిగిపోయింది. ఆ అర్జెంటు మేటరు అచ్చయింది ఇరవై రోజుల తర్వాత. తర్వాతి సంక్రాంతికి నాన్న లేరు.

అప్పటి నుంచి భోగి ముందు రోజు నుంచి ముక్కనుమ దాకా నేను ఎవరికీ అందుబాటులో ఉండను. డిసెంబరు మొదటివారంలోనే అందరికీ మెయిల్ పెడతాను. పదేళ్లకు పైగా ఇలా చేస్తున్నాను, ఒక్క క్లయింటు కూడా దీనివల్ల పోలేదు. వేసవిలో మన కాలువలు కట్టేస్తారు కదా, మరమ్మతులకీ పూడికలకీ. మళ్లీ జూన్‌లో వదులుతారు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టా బతుకంతా నీళ్లు వదిలే రోజు, కట్టే రోజు మీదే నడుస్తోంది. కట్టేసినప్పుడు ఎవరూ కాలువ పనికిరాదనుకోలేదు.

ఇక మీ వీణ, మీ కథలు. ఈ రెండిటినీ ఒకే గాట కట్టకండి. నాలుగు గంటలు డబ్బు కోసం రాశాక మాటలు అయిపోతాయి. మెదడులో వాక్యాలన్నీ క్లయింటు వాక్యాల్లాగే వస్తాయి. ఆ సాయంత్రం కథకి కూర్చుంటే మీ మీద మీకే అనుమానం పుడుతుంది. కాబట్టి కథ పొద్దున్నే, ఏ మెయిలూ చూడకముందే. వారానికి మూడు రోజులు, నలభై నిమిషాలు చాలు. ఫోను ముందురోజు రాత్రి వంటింట్లో చార్జింగ్‌కి పెట్టేయండి, పడగ్గదిలోకి తీసుకెళ్లకండి. నేను అయిదు నుంచి అయిదూ నలభై దాకా రాసుకుంటాను. ఏడాదికి రెండు కథలు వస్తున్నాయి. ఎక్కువేమీ కాదు, కానీ అవి నావి.

వీణ అలా కాదు. దానికి మాటలు అక్కర్లేదు, అందుకని పని అయ్యాక పట్టుకున్నా బావుంటుంది. పైగా రోజంతా కీబోర్డు మీద ఒకేలా కదిలిన వేళ్లకి అది వేరే కదలిక. అయితే మణికట్టు ఇప్పటికే తిమ్మిరెక్కుతుంటే ముందు డాక్టరుకి చూపించండి, అశ్రద్ధ చేయకండి. వీణని బీరువా పక్క మూల నుంచి హాల్లోకి తెచ్చి, గవిసెన తీసి ఉంచండి. సాయంత్రం దీపం పెట్టాక పది నిమిషాలు సరళీ వరసలు వాయించండి. కృతి వాయించాలి, కచేరీలా ఉండాలి అనుకుంటే ఇంకో ఏడాదిన్నర గడుస్తుంది. పిల్లలు వచ్చి తీగలు లాగుతారు. లాగనివ్వండి.

నాకు కథలు కాక ఇంకో పిచ్చి ఉంది, పనిముట్ల మాటలు, వృత్తుల మాటలు పోగేయడం. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లనీ మనుషుల్నీ గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం వెళ్లేటప్పుడు చేతిలో చిన్న పుస్తకం ఉంటుంది. పంటు మీద ఒక్క మెయిలు కూడా చూడను. మోటారుబండ్ల మధ్య నిలబడి పక్కవాళ్లు మాట్లాడుకునేది వింటాను. అంబాజీపేట మార్కెట్లో కురిడీ (ఎండు) కొబ్బరిని గండేరా, గటగట అని రకాలు చేసి చెబుతుంటే మొదటిసారి విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఏ చెక్కు తెచ్చినా కలగలేదు. ఆ పుస్తకాలు తొమ్మిది నిండాయి. వాటితో ఏం చేస్తావని అడుగుతారు అందరూ. ఏమీ చేయను, చదువుకుంటాను.

డెల్టాలో ఉండి ఈ పని చేసేవాళ్లకి వానాకాలం విడిగా ఆలోచించుకోవాలి. హైదరాబాద్ క్లయింటుకి మన సంగతి తెలియదు, మనమే చెప్పాలి. నేను ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం పట్టుకుని నడుస్తాను. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక రాగానే ఫైళ్లన్నీ క్లౌడ్‌లోకీ పెన్‌డ్రైవ్‌లోకీ ఎక్కించి, పవర్ బ్యాంకులు నింపుతాను. రెండోది వస్తే చేతిలో ఉన్న పనుల వాళ్లందరికీ మెయిల్ వెళ్తుంది: వరద ఉంది, రెండు మూడు రోజులు ఆలస్యం కావచ్చు, ఇప్పటిదాకా అయింది పంపుతున్నాను. మూడోది వచ్చాక ఇక గోదావరి మధ్య లంకల్లోని చుట్టాల గురించే ఆలోచన. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులకి పైగా వదిలినప్పుడు మా ఇంట్లో పదకొండు మంది ఉన్నారు వారం రోజులు. ముందే మెయిల్ వెళ్లింది కాబట్టి అన్నం వండటం తప్ప వేరే బెంగ లేకపోయింది. దానికి రెండు నెలల ముందు, మే చివర్లో, అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో కొన్నాళ్లు ఇంటర్నెట్ ఆపేశారు. అప్పుడు ముందస్తు హెచ్చరికేమీ లేదు. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని చించినాడ వంతెన దాటి మీ వైపు వచ్చి పని పంపాల్సి వచ్చింది. ఆ అనుభవంతో ఇప్పుడు ప్రతి గడువుకీ ఒక రోజు ముందే పంపేస్తున్నాను. ఆ ఒక్క రోజు నాకు ఎన్ని నిద్రలు మిగిల్చిందో.

డబ్బు సంగతి చెప్పకుండా టైము సంగతి చెబితే సగమే చెప్పినట్టు. రేటు తక్కువైతే పదాలు పెంచాలి, పదాలు పెరిగితే రాత్రులు పోతాయి. మీ నెల ఖర్చుని మీరు నెలలో రాయగలిగిన పదాలతో భాగిస్తే పదానికి ఎంత అడగాలో తెలుస్తుంది. అంతకంటే తక్కువకి ఒప్పుకున్న ప్రతి పనీ మీ పిల్లల టైముతో కట్టేదే. కొత్తవాళ్ల దగ్గర కొత్త రేటు ముందు అడగండి, పాతవాళ్లకి ఏప్రిల్ నుంచి పెంచుతున్నానని జనవరిలో చెప్పండి. పెద్ద పనికి మూడో వంతు అడ్వాన్సు లేకుండా మొదలుపెట్టకండి. నెలనెలా ఇంత పని, ఇంత మొత్తం అని ఖాయంగా ఇచ్చేవాళ్లు ఒక్కరున్నా ఇల్లు కుదురుగా నడుస్తుంది. రేటు కాస్త తక్కువైనా నేను వాళ్లనే ఎంచుకుంటాను.

బిల్లులు సాగదీసేవాళ్ల కోసం చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ఆధార్, పాన్ చాలు, ప్రభుత్వ సైట్లో ఉచితం, ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం సేవలకి కూడా వర్తిస్తుంది. రిజిస్టరైన చిన్న సంస్థకి కొనుగోలుదారు ఒప్పుకున్న గడువులో, ఎంత ఎక్కువైనా 45 రోజుల్లో చెల్లించాలి, దాటితే వడ్డీ కట్టాలి. బిల్లు మీద ఆ నంబరు కనబడితేనే చాలామంది అకౌంట్స్‌వాళ్లు కదులుతారు. నాకు ఒక సంస్థ ఏడు నెలలు బాకీ పెట్టింది, నంబరు వేసి మళ్లీ బిల్లు పంపిన పదహారో రోజున డబ్బు పడింది.

కంపెనీలు సాధారణంగా పదిశాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి ఇస్తాయి. అది పోయిన డబ్బు కాదు, ఆదాయపన్ను సైట్లో చూసుకుని రిటర్ను వేస్తే లెక్కలోకి వస్తుంది, పన్ను అంత లేకపోతే వెనక్కి వస్తుంది. సగం ఆదాయాన్నే లాభంగా చూపే వెసులుబాటు కొన్ని వృత్తులకి ఉంది. సినిమా కథ, మాటలు, పాటలు రాసేవాళ్లు అందులో ఉన్నారు, మన లాంటి అనువాదాలూ వ్యాసాలూ అందులోకి వస్తాయో లేదో మీ ఆడిటరుని అడిగే వేయండి. నాలుగు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో పడేవరకు కొత్త ఫోను కొనకండి. అది ఉంటేనే ఇష్టంలేని పనికి వద్దని చెప్పగలుగుతారు.

కథల గురించి ఒక జాగ్రత్త. డబ్బు పనికి రాసుకున్న ఒప్పందంలో "అన్ని హక్కులూ" అన్న మాట మీరు ఆ కాలంలో రాసుకున్న సొంత కథలకి కూడా పాకకుండా చూసుకోండి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నాళ్లకో రాయకపోతే అయిదేళ్లకే అని అర్థం. ఏ రచనకో పేరు పెట్టి రాయించుకోండి.

ఈ మధ్య మిషన్ చేసిన అనువాదాన్ని "కాస్త సరిచేసి" ఇమ్మని సగం రేటుకి పంపుతున్నారు. నేను అదే నోట్‌బుక్కులో అదీ కొలిచాను. బాగున్న మేటరైతే గంటకి 500 పదాలు వెళ్లింది. పాడైనదైతే కొత్తగా రాసుకోవడం కంటే ఎక్కువ పట్టింది. పైగా రోజంతా ఆ వాక్యాలు దిద్దితే నా సొంత వాక్యంలో కర్త ఎక్కడ పెట్టాలో కూడా తడబడ్డాను. ఇప్పుడు ముందు రెండు పేజీలు చూసి, గంటల లెక్కన అయితేనే తీసుకుంటాను. తీసుకున్న వారంలో కథ రాయను, అప్పుడు పుస్తకం చదువుకుంటాను.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ నెల నోట్‌బుక్కు ఒక్కటే. వచ్చే నెల బల్ల మార్చి, వేళ పెట్టుకోండి. రేటు సంగతి ఆ తర్వాత. వీణ మాత్రం ఇవాళే హాల్లోకి తెచ్చుకోవచ్చు.

ఇక రాత్రి పదింటికి ఫోన్ చేసే ఆయన. చెడ్డవాడై ఉండకపోవచ్చు, ఎత్తుతున్నారు కాబట్టి చేస్తున్నాడు. ఇలా రాయండి: "నమస్కారమండీ. ఇకనుంచి నా పని వేళలు సోమవారం నుంచి శనివారం వరకు పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం అయిదు. మార్పులన్నీ ఒకే మెయిల్లో రాసి పంపితే మర్నాడు మధ్యాహ్నానికల్లా చేసి ఇస్తాను. ఫోనులో చెబితే ఏదో ఒకటి మర్చిపోయే ప్రమాదముంది." అంతే, సారీలు, సంజాయిషీలు వద్దు. ఇవాళ రాత్రి ఆయన ఫోను వస్తే ఎత్తకండి. ఈ మెసేజ్ కూడా రాత్రి పంపకండి, రేపు పొద్దున్న తొమ్మిదిన్నరకి పంపండి.